సెకండ్‌హ్యాండ్ క్వాడ్ బైక్, అందులోనూ ఇంజిన్ తేడా ఉన్నది: కొనేముందు, కొన్నాక గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చెరువు గట్ల మీద మేత కట్టలు మోయడానికి, కొబ్బరి తోటలో దింపు తీసిన కాయలు బయటికి లాగడానికి, లేదంటే సంక్రాంతికి పిల్లలు సరదా పడుతున్నారని ఈ నాలుగు చక్రాల బండి పాతది కొందామనుకునేవాళ్ల కోసం ఇది. కొత్తది కొనేవాళ్లకి పెద్దగా పనికిరాదు. కొనేది కూడా "కొంచెం ఇంజిన్ ప్రాబ్లం ఉందండి, అందుకే ఈ రేటు" అని చెప్పి అమ్మే బండి అయితేనే చదవండి.

ఇంజిన్ తేడా ఉందని తెలిసి కూడా కొనడం తెలివైన పనేనా?

తేడా ఏంటో మీకు తెలిస్తే తెలివైన పనే. తెలియకుండా కొంటే లాటరీ. ఈ బండ్లలో చాలావరకు ఒకే సిలిండర్ ఇంజిన్లు, విప్పడం బిగించడం ఏ బైక్ మెకానిక్‌కైనా వచ్చిన పనే, కాబట్టి ఇంజిన్ అనే మాట వినగానే భయపడక్కర్లేదు. మన వైపు భయపడాల్సింది నీళ్లకి. ఒండ్రు నీళ్లా, చెరువు ఉప్పు నీళ్లా, సముద్రపు గాలా, ఏది తగిలింది, ఎన్నాళ్లు తగిలింది అన్నదాన్ని బట్టే బండి బతుకుతుందో లేదో తేలుతుంది. అరిగిపోయిన పిస్టన్ రింగులు మార్చొచ్చు గానీ, వైరింగ్ కనెక్టర్లు, బేరింగులు, ఫ్రేము గొట్టాల లోపలి భాగం ఉప్పుకి తినేసిన బండిని ఎంత బాగుచేసినా నెలకో చోట ఆగుతూనే ఉంటుంది. అందుకే ఇంజిన్ గురించి అడిగేముందు బండి ఎక్కడ తిరిగిందో అడగండి.

మార్కెట్లో దొరికేవి ఏ రకాలు?

ఇక్కడ చేతులు మారేవాటిలో ఎక్కువ చైనా నుంచి వచ్చిన చిన్న 110, 125 సీసీ బండ్లు, వాటి మీద 150 సీసీ గేర్లు లేని రకం. పొలారిస్ లాంటి పెద్ద కంపెనీల బండ్లు ఎక్కువగా రిసార్టుల దగ్గర, కాస్త స్తోమత ఉన్న రైతుల దగ్గర కనిపిస్తాయి. సుజుకీ వాళ్లు ఓజార్క్ 250 అని ఒకటి 2015లో మన దేశంలోకి తెచ్చారు, అది ఎవరైనా అమ్ముతుంటే బండి మంచిదే గానీ స్పేర్ల సంగతి ముందే తేల్చుకోండి.

చిన్న చైనా బండి అయితే బ్రాండు పేరుని పట్టించుకోకండి. ట్యాంకు మీద ఏ స్టిక్కరున్నా లోపల ఇంజిన్ రెండు మూడు రకాల్లో ఒకటే. ఇంజిన్ కేసు మీద ఎడమవైపు కింద పోత పోసిన లేదా కొట్టిన నంబరు చూడండి. 1పీ52ఎఫ్ఎంహెచ్ అనో, 154ఎఫ్ఎంఐ అనో, 157క్యూఎంజే అనో ఉంటుంది. మొదటి 1 అంటే ఒక సిలిండర్, తర్వాత వచ్చే 52, 54, 57 అనేవి బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) సైజు మిల్లీమీటర్లలో, చివరి అక్షరం సీసీ తరగతి (హెచ్ అంటే 110, ఐ అంటే 125, జే అంటే 150). ఈ నంబరు ఫోటో తీసుకుంటే స్పేర్ల షాపులో సగం పని అయిపోయినట్టే. మట్టి పట్టి కనిపించకపోతే గుడ్డ పెట్టి తుడవండి, గ్రైండర్‌తో గీకేసి ఉంటే మాత్రం బేరం అక్కడితో ఆపేసి వచ్చేయండి.

చూడ్డానికి వెళ్తున్నాం, ఏం తీసుకెళ్లాలి, ఏం చూడాలి?

ప్లగ్గు పానా, టార్చి, పాత గుడ్డలు, చిన్న సీసాలో కొత్త పెట్రోలు, వీలైతే కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి కొలిచేది). గేజ్ వందల్లోనే దొరుకుతుంది, లేదా మీ మెకానిక్ దగ్గర అడగండి. ముందే ఫోన్ చేసి "మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దండి" అని చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే తంటాలు పడి స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యే తీరు, వేడి ఇంజిన్ మళ్లీ స్టార్ట్ అయ్యే తీరు, రెండూ చూస్తే గానీ అసలు జబ్బు బయటపడదు.

తర్వాత ఆయిల్ గేజ్ పుల్ల తీసి చూడండి. నల్లగా ఉంటే ఫర్వాలేదు, ఎవరూ మార్చలేదంతే. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు దిగాయి. వెండి రంగు తళుకులు ఉంటే లోపల లోహం అరుగుతోంది. సరిగ్గా మీరొచ్చే రోజే కొత్త ఆయిల్ పోసి తళతళలాడుతుంటే అది కూడా ఒక సమాచారమే, డ్రెయిన్ బోల్టు కింద గుడ్డ పెట్టి రెండు చుక్కలు వదిలి చూడమని అడగండి.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పండి. ఇది చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఫిల్టర్ ఎంత మురికిగా ఉన్నా బాధ లేదు. ఫిల్టర్ దాటాక కార్బొరేటర్‌కి వెళ్లే రబ్బరు గొట్టం లోపల వేలు పెట్టి తిప్పండి. ఇసుక పొడి, ఎండిన మట్టి వేలికి అంటుకుంటే ఆ ఇంజిన్ ఇన్నాళ్లూ దుమ్ము మింగింది, బోరు, రింగులు పోయినట్టే లెక్కేసుకుని రేటు మాట్లాడండి. వేసవిలో పుంత రోడ్ల మీద లేచే దుమ్ము తెలుసు కదా, ఫిల్టర్ చినిగిన బండికి ఒక్క సీజను చాలు.

ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తొయ్యండి. కదలనని మొరాయిస్తే బ్రేకులు పట్టేశాయి లేదా వెనక యాక్సిల్ బేరింగులు పోయాయి. "పికప్ లేదండి, ఇంజిన్ వీక్" అని అమ్మే బండ్లలో కొన్నిటికి అసలు రోగం ఇదే. వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ ఊపితే లూజు తెలుస్తుంది.

"కార్బొరేటర్ క్లీన్ చేస్తే చాలండి, వంద శాతం స్టార్ట్ అవుద్ది" అంటున్నాడు ఓనరు. నమ్మొచ్చా?

అంత చిన్న పనైతే ఆయనే చేయించి ఎక్కువ రేటుకి అమ్ముకునేవాడు కదా.

అయితే అన్నిసార్లూ అబద్ధం కాదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని లాగుతుంది, మన గాలిలో తేమకి కొదవే లేదు. నెలల తరబడి బండి మూల పడేస్తే ఆ నీరు పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది, తుప్పు వస్తుంది, కార్బొరేటర్ గిన్నెలో జిగురు కడుతుంది, చిన్న జెట్ (పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రం) మూసుకుపోతుంది. పాత బండ్ల రబ్బరు పైపులు కూడా ఉబ్బి మెత్తబడతాయి. చోక్ వేస్తేనే నడిచి, చోక్ తీయగానే ఆగిపోతుంటే చిన్న జెట్ మూసుకుపోయిందనే ముందు అనుమానించాలి. అలాంటి బండి దొరికితే అదృష్టమే. ఆయన మాట నిజమో కాదో తేలాలంటే కంప్రెషన్ చూడండి. కంప్రెషన్ బాగుండి స్టార్ట్ అవకపోతే మాట నిజం కావచ్చు.

కంప్రెషన్ ఎలా చూడాలి? ఎంత ఉండాలి?

ప్లగ్గు తీసి గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, సూది పెరగడం ఆగేదాకా సెల్ఫ్ కొట్టాలి. యాక్సిలరేటర్ నొక్కకపోతే గాలి లోపలికి వెళ్లక మంచి ఇంజిన్ కూడా తక్కువ చూపిస్తుంది, బ్యాటరీ నీరసంగా ఉన్నా అంతే. చిన్న 110, 125 ఇంజిన్లలో 120 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) పైన వస్తే నిశ్చింత. 90 దగ్గరికి వచ్చిందంటే విప్పాల్సిందే. పెద్ద ఇంజిన్లలో సెల్ఫ్ తేలిగ్గా తిరగడానికి కంప్రెషన్ వదిలే ఏర్పాటు క్యామ్‌లోనే ఉంటుంది, వాటిలో అంకె తక్కువ కనిపించినా కంగారుపడకండి, ఆ మోడల్ మాన్యువల్‌లో ఎంతుందో దానితో పోల్చండి.

తక్కువ వస్తే ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ ప్లగ్గు రంధ్రంలో పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి, ఎందుకంటే ఆయిల్ ఆ సందుని కాసేపు మూసింది. పెరగకపోతే వాల్వులు కూర్చోవట్లేదు లేదా హెడ్ గాస్కెట్ పోయింది. ఈ ఒక్క పరీక్షతో "బోర్ చేయించాలా, హెడ్ పనితో సరిపోతుందా" అనేది తెలిసిపోతుంది, అదీ ఓనరు ముందే, ఒక్క బోల్టు కూడా విప్పకుండా.

గేజ్ దొరక్కపోతే బొటనవేలు పెట్టి చూడమంటారు. వేలిని గట్టిగా తన్నితే కంప్రెషన్ ఉందని తెలుస్తుంది, ఎంతుందో తెలియదు. నేనైతే దాని మీద ఆధారపడి డబ్బులివ్వను.

పొగని బట్టి రోగం చెప్పొచ్చా?

కొంతవరకు. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు, బరువు లాగేటప్పుడు కూడా వస్తూనే ఉంటే రింగులు. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువైంది, చోక్ ఇరుక్కుపోయిందో ఫిల్టర్ మూసుకుపోయిందో చూడండి, చవకలో పోయే పని. తెల్ల పొగ చలికాలం ఉదయం కాసేపు వస్తే అది సైలెన్సర్‌లో చెమ్మ. రేడియేటర్ ఉన్న బండిలో ఆగకుండా వస్తూ, నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్.

వరదలో మునిగిన బండో కాదో ఎలా కనిపెట్టాలి?

2022 జూలై వరదలో లంకల్లో ఇళ్లూ తోటలూ ఎంత మునిగాయో అందరికీ తెలుసు, ఆ తర్వాత కూడా నీళ్లు రాని ఏడాది తక్కువ. మునిగిన బండిని కడిగి పాలిష్ చేస్తే పైకి కొత్తగా ఉంటుంది. కాబట్టి కడగలేని చోట్లు చూడాలి. సీటు ఎత్తి అడుగున స్పాంజి ఒత్తండి. హెడ్‌లైట్ గాజు లోపల ఒండ్రు గీత కనిపిస్తుందేమో చూడండి. వైరింగ్ కనెక్టర్ ఒకటి ఊడదీసి లోపల చూస్తే పచ్చ రంగు పొడి (రాగి తుప్పు) ఉంటుంది. స్పీడోమీటర్ వెనక, ఫ్రేము గొట్టాల చివర్ల దగ్గర, ఫుట్‌బోర్డు కింద బోల్టుల సందుల్లో ఎండిన నల్లరేగడి పేరుకుని ఉంటుంది, అక్కడికి ఎవరి బ్రష్షూ వెళ్లదు.

మంచి నీళ్లలో మునగడం వేరు, ఉప్పు నీళ్లలో మునగడం వేరు. ఇంజిన్ అల్యూమినియం మీద తెల్లగా పొడి పూసి, బోల్టు తలలు పొరలు పొరలుగా రాలుతుంటే అది రొయ్యల చెరువుల మధ్యో, ఉప్పుటేరు పక్కనో, బీచ్‌లోనో పనిచేసిన బండి. అంతర్వేది, మొగల్తూరు వైపు నుంచి వచ్చే బండ్లని ఈ కన్నుతో చూడండి. అలాగని ఆ వైపు వాళ్లంతా మోసం చేస్తారని కాదు, ఉప్పు గాలి ఎవరి బండినీ వదలదు. రోజూ మంచినీళ్లతో కడిగి గ్రీజు పెట్టుకున్నవాళ్ల బండ్లు నిక్షేపంగా ఉంటాయి.

కొని తెచ్చాం. సెల్ఫ్ తిరుగుతోంది గానీ స్టార్ట్ అవ్వట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కరెంటు (ప్లగ్గు దగ్గర స్పార్కు), పెట్రోలు, కంప్రెషన్. ఈ వరసలోనే వెళ్లండి, ఇంజిన్ విప్పడం చివర్న.

ముందు ఎరుపు స్విచ్చులు. ఈ బండ్లలో హ్యాండిల్ మీద ఒక కిల్ స్విచ్చు, చాలావాటికి వెనకాల తాడు కట్టిన ఇంకో స్విచ్చు (పిల్లలు నడుపుతుంటే పెద్దవాళ్లు లాగి ఆపడానికి), కొన్నిటికి రిమోట్ కూడా ఉంటుంది. వెనక స్విచ్చు మీదే బురద అంతా పడుతుంది, లోపల తుప్పు పట్టి ఎప్పుడూ "ఆఫ్" లోనే ఉండిపోతుంది. దీన్ని గమనించక ఇంజిన్ విప్పేసినవాళ్లు ఉన్నారు. చాలా చైనా బండ్లలో సీడీఐ డబ్బాకి (ప్లగ్గుకి స్పార్కు పంపేది) వెళ్లే నలుపు మీద తెలుపు గీత వైరు ఈ స్విచ్చులది. పరీక్ష కోసం దాన్ని ఊడదీసి చూడండి, కరెంటు వచ్చేస్తే రోగం స్విచ్చులోనే ఉంది. స్విచ్చు మార్చండి, అంతేగానీ వైరు ఊడదీసి అలాగే నడపొద్దు. గట్టు మీద యాక్సిలరేటర్ ఇరుక్కుపోతే బండిని ఆపేది అదొక్కటే.

ప్లగ్గు తీసి, క్యాపులో పెట్టి, దాని లోహం ఇంజిన్‌కి గట్టిగా ఆనించి సెల్ఫ్ కొడితే నీలంగా టపటపమని రావాలి. ఆనించకుండా గాలిలో పట్టుకుని కొడితే సీడీఐ కాలే అవకాశం ఉంది. దగ్గర్లో పెట్రోలు సీసా లేకుండా చూసుకోండి, ప్లగ్గు రంధ్రం నుంచి ఆవిరి ఎగజిమ్ముతుంది కాబట్టి ప్లగ్గుని ఆ రంధ్రానికి దూరంగా ఆనించండి. కరెంటు లేకపోతే ప్లగ్గు, క్యాపు, కాయిల్, సీడీఐ, చివరికి మాగ్నెట్ (ఇంజిన్‌తో పాటు తిరిగే అయస్కాంతపు చక్రం) దగ్గరుండే పికప్ కాయిల్. చవకవి ముందు మార్చి చూడండి. ఎర్తు వైరు ఫ్రేముకి కలిసే చోట తుప్పు గీకి బిగిస్తే చాలాసార్లు కొత్త పార్టు ఖర్చు తప్పుతుంది.

కరెంటు ఉంటే, కార్బొరేటర్ గిన్నె కింద స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులోకి పట్టండి. పెట్రోలు రాకపోతే ట్యాంకు కుళాయి, పైపు చూడండి. వస్తే గ్లాసులో కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే అది నీళ్లు, ట్యాంకు మొత్తం దించి ఖాళీ చేయాల్సిందే. పైన పైన మంచి పెట్రోలు కలిపితే బాగుపడదు.

చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది, వేడెక్కాక ఆగిపోయి మళ్లీ స్టార్ట్ అవ్వదు.

వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య ఉండే సందు) చూడండి. వాల్వులు సీటులో దిగబడేకొద్దీ ఆ సందు తగ్గిపోతుంది, వేడికి ఇంకా తగ్గి వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది. 110 రకంలో ఇంజిన్ బాగా చల్లారాక రెండు వాల్వులకీ 0.05 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) ఉంటే ఇంట్లోనే చేసుకునే పని, విచిత్రమేంటంటే మెకానిక్కులు దీన్ని చివర్న గుర్తు చేసుకుంటారు.

అది సరిగ్గా ఉంటే కాయిల్, పికప్ కాయిల్ వేడికి చచ్చిపోతున్నాయేమో: ఆగిపోయిన వెంటనే ప్లగ్గు తీసి కరెంటు చూడాలి, చల్లారాక చూస్తే ఏం లాభం లేదు. ఒకసారి ట్యాంకు మూత కూడా తెరిచి చూడండి. గాలి రంధ్రం బురదతో మూసుకుపోతే కాసేపటికి పెట్రోలు దిగడం ఆగిపోతుంది, మూత తీయగానే ఉస్‌మని గాలి లాగి బండి బాగుపడుతుంది.

ఇంజిన్ మితిమీరి కాలుతుంటే సిలిండర్ రెక్కల మధ్య ఎండిన బురద చూడండి. నల్లమట్టి అక్కడ ఇటుకలా గట్టిపడుతుంది. చెక్క పుల్లతో గీకి నీళ్లతో కడగండి. రేడియేటర్ ఉన్నదైతే సన్నటి ధారతో లోపలినుంచి బయటికి కడగాలి, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి.

ఇంజిన్ అరుస్తోంది గానీ బండి ముందుకి లాగట్లేదు.

ఇది ఇంజిన్ రోగం కాకపోవచ్చు. గేర్లు లేని 150 రకం, పెద్ద బండ్లలో బెల్టు ఉంటుంది. బెల్టు కవరులోకి నీళ్లు దిగితే జారిపోతుంది. కవరు కింద డ్రెయిన్ బిరడా తీసి నీళ్లు వదిలి, న్యూట్రల్‌లో కాసేపు రైజ్ చేసి ఆరబెట్టండి. ఆరినా జారుతుంటే బెల్టు అరిగింది. 110 రకంలో బెల్టు ఉండదు, లోపల ఆయిల్‌లో తడిసే క్లచ్ అరిగి ఉంటుంది, లేదా ఎవరో కారు ఆయిల్ పోశారు.

అంటే ఏ ఆయిల్ పోసినా ఒకటి కాదా?

కాదు. 110, 125 రకంలో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ అని రాసి ఉన్న బైక్ ఆయిల్ పోయాలి. స్కూటర్లకిచ్చే జాసో ఎంబీ, కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. బెల్టు ఉన్న 150 రకానికి క్లచ్ బయట పొడిగా ఉంటుంది గనక స్కూటర్ ఆయిల్‌తో ఇబ్బంది లేదు. చిన్న ఇంజిన్లలో పట్టేదే లీటరు లోపు, అందులో పావులీటరు తగ్గినా తేడా పెద్దది. పెట్రోలు కొట్టించినప్పుడల్లా పుల్ల చూడండి.

గట్టు జారి బండి చెరువులో పడింది. వెంటనే ఏం చేయాలి?

ముందు మనిషి. ఆ తర్వాత ఒక్కటే మాట: సెల్ఫ్ నొక్కొద్దు. పెట్రోలు ఆవిరి, గాలి అయితే పిస్టన్ ఒత్తిడికి నలుగుతాయి, నీళ్లు నలగవు. సిలిండర్‌లో నీళ్లుండగా స్టార్టర్ తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కొంచెమే వంగినా బండి స్టార్ట్ అవుతుంది, కాస్త పికప్ తగ్గి నడుస్తుంది కూడా, తర్వాతెప్పుడో నిండు లోడుతో ఉన్నప్పుడు రాడ్ విరిగి కేసు పగులుతుంది. "ఒకసారి నీళ్లలో పడింది గానీ వెంటనే స్టార్ట్ అయిందండి" అని ఓనరు గొప్పగా చెబుతుంటే మీరు జాగ్రత్తపడాల్సింది అందుకే.

బండిని బయటికి లాగి, తాళం ఆపి, బ్యాటరీ వైరు తీసేయండి. చెరువు నీళ్లు ఉప్పగా ఉంటే ముందు మంచినీళ్లతో బాగా కడగండి, ఆరిపోనిస్తే ఉప్పు లోపలే ఉండిపోతుంది. ప్లగ్గు తీసి, కిక్ ఉంటే కిక్‌తో, లేకపోతే మాగ్నెట్ నట్టు మీద పానా పెట్టి నెమ్మదిగా తిప్పి నీళ్లు బయటికి రానివ్వండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, కార్బొరేటర్ గిన్నె, సైలెన్సర్, బెల్టు కవరు అన్నీ ఖాళీ చేయండి. పాత ఆయిల్ మొత్తం దించేసి చవక ఆయిల్ పోసి, స్టార్ట్ అయ్యాక కొద్దిసేపు నడిపి, మళ్లీ దించండి. దించిన ఆయిల్‌లో పాల రంగు పోయేదాకా రెండు మూడు సార్లు మార్చాలి. ఇదంతా ఆ రోజే చేయాలి. "రేపు మెకానిక్ వస్తాడులే" అని ఉప్పు నీళ్లతో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి బోరు మీద తుప్పు గీతలు, బేరింగుల్లో గరగర మొదలవుతాయి.

ఇంజిన్ పట్టేసింది, అస్సలు తిరగట్లేదు. తుక్కేనా?

నడుస్తూ నడుస్తూ పట్టేసిందా, నిలబెట్టి నిలబెట్టి పట్టేసిందా అనేది తేల్చండి. ఆయిల్ లేక నడుస్తుండగా పట్టేస్తే పిస్టన్, బోరు గీరుకుపోయి ఉంటాయి, విప్పక తప్పదు, క్రాంకు కూడా చూడాలి. మూల పడేసి రింగుల దగ్గర తుప్పు పట్టి బిగుసుకున్నదైతే ఆశ ఉంది. ప్లగ్గు రంధ్రంలో డీజిలు, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి కొన్ని రోజులు వదిలేయండి, మధ్యలో కాస్త కాస్త పోస్తూ ఉండండి. తర్వాత మాగ్నెట్ నట్టు మీద పానా పెట్టి అటూ ఇటూ కొద్ది కొద్దిగా ఊపండి. బలవంతంగా తిప్పొద్దు. వెనక టైరు పట్టుకుని తిప్పితే ఈ ఆటోమేటిక్ క్లచ్ బండ్లలో ఇంజిన్ తిరగదు, ఆ ప్రయత్నం వద్దు.

ఊడొచ్చినా సరే, హెడ్ తీసి బోరు చూడకుండా వాడకంలో పెట్టకండి.

బోర్ చేయించడం మంచిదా, కొత్త ఇంజినే వేసేయడం మంచిదా?

పెద్ద కంపెనీ బండి అయితే బాగు చేయించడమే. చిన్న 110 రకం అయితే లెక్కేసుకోండి. బ్లాక్ పిస్టన్ సెట్టు, వాల్వులు, టైమింగ్ చైను, గాస్కెట్లు, లేత్ షాపు కూలీ, మెకానిక్ కూలీ అన్నీ కలిపి కాగితం మీద రాయించుకుని, పూర్తి కొత్త ఇంజిన్ రేటు పక్కన పెట్టి చూడండి. క్రాంకు కూడా పోయినప్పుడు కొత్త ఇంజినే చాలాసార్లు గెలుస్తుంది. పైభాగం మాత్రమే అరిగితే భీమవరం, పాలకొల్లు, రాజమండ్రి లాంటి చోట్ల సిలిండర్ బోరింగ్ పని తెలిసినవాళ్లకి కొదవ లేదు, ఇంజిన్లు, డీజిలు పంపుసెట్లు చేసి చేసి చెయ్యి తిరిగినవాళ్లు.

కొత్త ఇంజిన్ తెప్పిస్తే సీసీ ఒక్కటే చూసి ఆర్డరు పెట్టొద్దు. స్టార్టర్ మోటార్ పైన ఉందా కింద ఉందా, రివర్స్ గేరు ఉందా, బిగించే బోల్టుల దూరం ఎంత, వైరింగ్ ప్లగ్గుకి ఎన్ని పిన్నులు, ఇవన్నీ పాతదాని ఫోటోతో పోల్చాలి.

స్ప్లెండర్ పిస్టన్ సరిపోతుందంట కదా?

సరిపోదు. పాత స్ప్లెండర్ బోరు 50 మిల్లీమీటర్లు, ఈ 110 ఇంజిన్ది 52.4. రెండూ హోండా కబ్ వంశం నుంచే వచ్చినవి కాబట్టి చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, ఆ పోలిక చూసే ఈ మాట పుట్టింది. కొలిచి కొనండి.

మా మెకానిక్ పాత బైక్ ఇంజిన్ వేసేస్తానంటున్నాడు, చవకగా అయిపోతుందంట.

వేయగలడు, చైను కూడా వేస్తాడు. రివర్స్ ఉండదు. చెరువు గట్టు మీద తిప్పుకునే చోటుండదు, వెనక్కి రావాలంటే దిగి లాగాలి, బండి బరువు, మేత బరువు కలిపి. గట్ల మీద పని ఉన్నవాళ్లకి ఇది వద్దనే చెబుతాను. తోటలో చుట్టూ తిరిగి రావడానికి చోటుంటే మీ ఇష్టం.

రోడ్డెక్కొచ్చా? కాగితాలేంటి?

చాలా క్వాడ్ బైకులకి రిజిస్ట్రేషనే అవ్వదు, తోటలో, పొలంలో, సొంత స్థలంలో తిప్పుకోవడానికే. 1988 మోటారు వాహనాల చట్టం 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని పబ్లిక్ రోడ్డు మీద నడపకూడదు, 146వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. మీ ఇంటికీ చెరువుకీ మధ్య పంచాయతీ రోడ్డు ఉన్నా అది రోడ్డే. ట్రాక్టర్ కింద రిజిస్టర్ అయ్యే రకం పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570లో వచ్చింది, అలాంటిది దొరికితే ఆర్సీ తప్పకుండా చూసుకుని పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోండి, ఫైనాన్స్ ఉంటే అది తీరినట్టు ఫారం 35 కూడా.

రిజిస్ట్రేషన్ లేనిదానికి మొదట కొన్న బిల్లు అడగండి. బిల్లు మీద ఛాసిస్ నంబరు, బండి మీద నంబరు ఒకటేనా చూసి, అమ్మినవాళ్ల ఆధార్ కాపీతో ఒక కాగితం రాయించుకోండి. ఇంటికి తెచ్చేటప్పుడు టాటా ఏస్‌లోనో ట్రాలీ ఆటోలోనో వేసుకు రండి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు దాటించాల్సి వస్తే ట్యాంకు కుళాయి కట్టేసి, నాలుగు వైపులా తాళ్లు కట్టండి.

రేటు ఎలా మాట్లాడాలి?

అదే మోడల్ బాగా నడిచే పాత బండి ఎంతకి పోతోందో కనుక్కోండి. అందులోంచి కొత్త ఇంజిన్ లేదా పూర్తి రిపేరు ఖర్చు తీసేయండి, టైర్లు, బ్యాటరీ, యాక్సిల్ బేరింగులు తీసేయండి. వచ్చిన అంకె మీద ఇంకొంచెం తగ్గించి మొదలుపెట్టండి, ఎందుకంటే విప్పాక కనిపించేవి కొన్ని ఎప్పుడూ ఉంటాయి. అమ్మేవాళ్లు "సార్వా డబ్బులకి అవసరమై ఇస్తున్నానండి, లేకపోతే ఇవ్వను" అంటారు, అది నిజమైనా మీ లెక్క మారదు. స్పేర్లు దొరుకుతాయని షాపువాడు నోటితో చెప్పినా సరే, ఒక్క పార్టైనా చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

పిల్లలకి ఇవ్వొచ్చా? ఇద్దరు ఎక్కొచ్చా?

పదహారేళ్ల లోపు వాళ్లకి పెద్దవాళ్ల బండి వద్దు, చిన్న సీసీ బండి అయినా హెల్మెట్ పెట్టించి, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. ఒకరి కోసం చేసిన సీటు మీద ఇద్దరు ఎక్కితే బరువు వెనక్కి పోయి ముందు చక్రాలు తేలతాయి. చిన్న బండ్లకి వెనక చక్రాలు రెండూ ఒకే యాక్సిల్‌కి బిగించి ఉంటాయి, మలుపులో లోపలి చక్రం జారాల్సిందే, తడి గట్టు మీద అది ఎటు జారుతుందో మన చేతిలో ఉండదు. వెనక స్టాండు మీద పాతిక కిలోల మేత కట్టలు ఎన్ని పెట్టొచ్చో మాన్యువల్‌లో చూడండి. చిన్న బండ్ల స్టాండు చాలావరకు అలంకారానికే.

బీచ్‌లో నడిపితే ఇంజిన్‌కి ఏమైనా అవుతుందా?

అవుతుంది. తడి ఇసుక చైనునీ, బేరింగులనీ తినేస్తుంది, ఇంజిన్ ఎప్పుడూ ఎక్కువ లోడు మీద నడుస్తుంది. మన తీరంలో చలికాలం చివర్న ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి కూడా, ఆ నెలల్లో అసలు ఆ వైపు దిగకండి.

దాళ్వా కోతలయ్యి, కాలువలు కట్టేశాక రెండు నెలలు బండి వాడం. ఎలా ఉంచాలి?

మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, చైనుకీ గ్రీజు నిపుల్స్‌కీ గ్రీజు పెట్టండి. ట్యాంకు కుళాయి కట్టేసి, ఇంజిన్ దానంతటదే ఆగిపోయేదాకా నడిపితే కార్బొరేటర్ ఖాళీ అవుతుంది. కుళాయి లేని బండి అయితే గిన్నె స్క్రూతో దించండి. ట్యాంకులో పెట్రోలు కొద్దిగానే ఉంటే దాన్ని కూడా తీసేయండి. బ్యాటరీ మైనస్ వైరు ఊడదీయండి. సైలెన్సర్ మూతికి, ఎయిర్ డబ్బా మూతికి గుడ్డ కుక్కండి, లేకపోతే ఎలుకలు వడ్లు దాచుకుంటాయి. స్టార్ట్ చేసేముందు ఆ గుడ్డలు తీయాలని హ్యాండిల్‌కి ఒక చీటీ కట్టి ఉంచండి.